సోడా ఫ్యాక్టరీ స్టాపు

మా బాబాయికి ఒకటే జబ్బు. ఊళ్ళో ఉన్నవేవీ ఆయన కంటికి ఆనవు. లేనివే ఆనుతాయి.

బస్టాండులో దిగిన మనిషెవరైనా ఖర్మకాలి ఆయన్ని దారి అడిగాడనుకోండి. "బ్యాంకా? ఏముందీ, సులువు! ఇలా వెళ్ళి సోడా ఫ్యాక్టరీ దగ్గర కుడికి తిరగండి. ఐసు ఫ్యాక్టరీ దాటితే గడియార స్తంభం. స్తంభానికి అవతల గొడుగుల కొట్టు, కొట్టుకి ఎదురుగా సినిమా హాలు. హాలు వెనకే బ్యాంకు" అంటాడు. ఇంత వివరంగా చెప్పే మనిషి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు? వచ్చినాయన పొంగిపోయి బయల్దేరతాడు. చిక్కల్లా ఒక్కటే. సోడా ఫ్యాక్టరీ మూసేశారు. ఐసు ఫ్యాక్టరీ కూలింది. గడియార స్తంభాన్ని లారీ గుద్దేసింది. గొడుగులాయన కొట్టు కట్టేసి పోయాడు. సినిమా హాలు ఎరువుల గోడౌనయింది. ఆయన చెప్పినవాటిలో బ్యాంకొక్కటే నిజంగా ఉంది. అది మాత్రం ఆ మనిషికి దొరకదు.

ఊరంతా చుట్టి చుట్టి, చెమటలు కక్కుకుంటూ అతను మళ్ళీ బస్టాండులోనే తేలతాడు. మా ఊళ్ళో ఏ వీధి పట్టుకున్నా చివరికి అక్కడికే తెస్తుంది. బాబాయి అక్కడే ఉంటాడు. "అదేంటండీ, దొరకలేదా? చిలక్కి చెప్పినట్టు చెప్పానే!" అని నొచ్చుకుని, "పదండి" అంటూ తానే ముందు నడుస్తాడు. నడవడమంటే మామూలు నడక కాదు, పరుగుకి తమ్ముడు. దారి పొడుగునా కేకలు. "సోడా ఫ్యాక్టరీ! ఐసు ఫ్యాక్టరీ! గడియార స్తంభం!" వెనక వచ్చేవాడు బిక్కమొహం వేసుకుని అటూ ఇటూ చూస్తుంటాడు, లోపం తన కళ్ళలోనే ఉందేమోనని.

బస్సు కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కూర్చోలేదు, సీట్లు ప్రయాణికులవి కదా. రిటైరయ్యాక కూర్చోవచ్చని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. కంచం చేత్తో పట్టుకుని గుమ్మందాకా నడుస్తూ తింటాడు. ఆయన చెప్పుల టపటప వీధి మలుపు తిరక్కముందే వినబడుతుంది, కుక్కలు లేచి దారి ఇస్తాయి. వాళ్ళ పెళ్ళి ఫొటోలో పిన్ని నిండుగా కుర్చీలో కూర్చుని ఉంటుంది. పక్కన బాబాయి సగమే ఉంటాడు, మిగతా సగం అప్పటికే ఫొటోలోంచి బయటికి నడిచేసింది. "నేను కాపరం చేసింది ఆ సగంతోనే. రెండో సగం ఇంతవరకూ ఇంటికి రాలేదు" అంటుంది పిన్ని.

కుదురుగా ఉండలేని ఈ రోగం అసలు మా ఊరిదనీ, ఊరి నుంచే ఆయనకి అంటుకుందనీ నా అనుమానం. చిన్న ఊళ్ళు మారవని పట్నంవాళ్ళు మురిసిపోతూ చెబుతుంటారు. వాళ్ళనొకసారి మా బజారుకి పంపండి. ఆ గొడుగుల కొట్టు సంగతే తీసుకోండి. అది క్యాసెట్ల కొట్టయింది. తర్వాత ఫోన్ బూత్ అయింది. తర్వాత ఇంటర్నెట్ సెంటరు. తర్వాత కొన్నాళ్ళు ఏమీ కాలేదు, షట్టరు వెనకాల పిల్లి ఈనింది. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. యజమానులు మారారు, గోడల రంగులు మారాయి, ఆఖరికి పిల్లి కూడా మారింది. పట్నంలో ఒక కొట్టు పోతే ఎవడికీ పట్టదు. మా ఊళ్ళో పోతే పన్ను ఊడినట్టే, నాలుక పదే పదే అక్కడికే పోతుంది. నాలుగు రోజులు అందరూ దాని గురించే మాట్లాడి, అయిదో రోజు కొత్త కొట్టులో బేరాలాడతారు.

బాబాయి ఈ మార్పుల్లో ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు. సెల్‌ఫోన్లతను కొట్టు తెరిచిన రోజే వెళ్ళి కౌంటరు ముందు నిలబడ్డాడు.

"ఏమోయ్, నీ కొట్టు ఎక్కడుంది?"

"బజార్లో అండి."

"తప్పు."

"మెయిన్ రోడ్డులో అండి."

"తప్పున్నర. ఇది గొడుగుల కొట్టు. దారినపోయేవాళ్ళు 'ఇదెక్కడ' అనడిగితే ఏం చెప్తావ్?"

"సెల్ రిపేరు..."

"గొడుగుల కొట్టు!"

"నా దగ్గర గొడుగులు లేవు కదండీ?"

"నా దగ్గర సెల్లు లేదు. నేను నీ కొట్టుకి రాలేదూ?"

దీనికేం జవాబు చెప్పాలో అతనికి తోచలేదు. నాకూ ఈనాటికీ తోచలేదు. మర్నాడు మళ్ళీ వెళ్ళి అడిగాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. చివరికి అతను జుట్టు పీక్కుని, "గొడుగుల కొట్టు, గొడుగుల కొట్టు, గొడుగుల కొట్టు! చాలా మహాప్రభో?" అని అరిచాడు. "రైట్!" అన్నాడు బాబాయి, బస్సు ఒంటిమీద చరిచినట్టు కౌంటరు మీద ఒక్కటి చరిచి. సరైన జవాబుకి ఆయనిచ్చే బహుమానం అదే. మరీ ముచ్చట పడితే "రైట్ రైట్" అంటాడు. ఇలా ఊళ్ళో కొత్తగా దిగిన ప్రతి కొట్టువాడికీ, మేస్త్రీకీ, బండివాడికీ ఆయన పరీక్ష పెట్టాడు. తప్పించుకోవడానికి కొందరు ముందే అప్పజెప్పేసేవాళ్ళు. టీ కొట్టతను అయితే బాబాయి దూరాన కనబడగానే "గడియార స్తంభం పక్కనండీ!" అని కేకేసి, తర్వాతే టీ కలిపేవాడు.

ఒకసారి పట్నం నుంచి బీరువా మోసుకొచ్చినవాళ్ళు ఆయనకి చిక్కారు. సినిమా హాలు, గొడుగుల కొట్టు వెతుక్కుంటూ ఊరంతా తిరిగి తిరిగి, వాళ్ళు బీరువాని నడివీధిలో దించి దాని నీడలోనే నిద్రపోయారు. లేచి చూసేసరికి బీరువా తలుపు మీద ఎవరో 'ఇల్లు అద్దెకివ్వబడును' అని కాగితం అంటించిపోయారు. మా ఊళ్ళో ఖాళీగా కనబడిన ప్రతి గోడా అంతే.

ఇదంతా విని మా బాబాయికి చరిత్రంటే ప్రాణమని మీరనుకుంటే పొరబాటే. చరిత్రంటే ఆయనకి ఒళ్ళుమంట. టీ కొట్టు దగ్గర ఒక ముసలాయన ఓసారి, "ఆ సినిమా హాలుకి ముందు అక్కడ గుర్రాల సాల ఉండేది..." అని మొదలెట్టాడు.

"అది మనకక్కర్లేదు" అన్నాడు బాబాయి.

"మా తాత ఆ గుర్రాల్ని..."

"మీ తాతగారూ పోయారు, గుర్రాలూ పోయాయి. అది సినిమా హాలు. జనాన్ని గందరగోళం చెయ్యకండి."

అంటే పోయినవన్నీ పనికిరావు. ఏరుకున్న కొన్నే పనికొస్తాయి. ఇదెక్కడి లెక్కో ఎవరికీ అంతుబట్టలేదు. పిచ్చికి లెక్కేమిటని అందరూ వదిలేశారు.

నేను మాత్రం వదల్లేదు. ఎందుకు వదుల్తాను? దెబ్బ తగిలింది నాకు. బస్టాండు మలుపులో నాకో షాపుంది. జిరాక్స్ తీస్తాను, శుభలేఖల నుంచి పార్టీల పోస్టర్ల దాకా ఏదైనా అచ్చేస్తాను. ఆ షాపుకి పేరు పెట్టడానికి నేను పడ్డ అవస్థ బిడ్డకి పేరు పెట్టడానికి కూడా ఎవరూ పడి ఉండరు. 'ముందడుగు ప్రింటర్స్'. చుట్టూ లైట్లు తిరిగే బోర్డు. ప్రారంభం రోజున పదిమంది చేరినచోట, బోర్డు కింద నిలబడి బాబాయి కేకేశాడు. "సోడా ఫ్యాక్టరీ! దిగేవాళ్ళు దిగండి!"

అంతే. ఊరికి నా షాపు సోడా ఫ్యాక్టరీ అయి కూర్చుంది. "సోడా ఫ్యాక్టరీకెళ్ళి ఈ కాగితం జిరాక్స్ తీయించుకురా" అంటారు. పొరుగూరి పెద్దమనిషి ఒకాయన ఎండన పడి వచ్చి, "చల్లగా ఒక సోడా కొట్టమ్మా" అన్నాడు. కొట్టబోయాను, సోడా కాదు.

"బాబాయ్, ఒక్కసారి. నీ నోటితో ఒక్కసారి 'ముందడుగు' అను."

"అనడమెందుకు, వేస్తాను చూడు" అంటూ నిజంగానే అడుగు వేసి, మరో నాలుగేసి, మలుపు తిరిగి మాయమయ్యాడు.

నేనూ పంతం పట్టాను. నా ప్రాణం పోయినా నా షాపుని ఆ పేరుతో పిలవను.

ఈ తగాదాలో బాబాయి పక్షాన ఇంకొకావిడ ఉంది. మిషను పెద్దమ్మ. చుట్టరికమేమీ లేదు, ఊరందరికీ పెద్దమ్మే. ఒకప్పుడు ఊళ్ళో ఒంటి మీదికొచ్చిన ప్రతి గుడ్డా ఆవిడ కుట్టుమిషను కింద నుంచి వచ్చిందే. నా చిన్నప్పటి గౌన్లు కూడా. తర్వాత చూపు తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒక ఏడాది పూర్తిగా పోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కతే ఉంటుంది, కలప అడితి పక్కన. చూశారా, నాకూ ఆ మాటే వచ్చేస్తోంది! కలప అడితి ఎప్పుడో ఎత్తేశారు, ఇప్పుడది సిమెంటు కొట్టు.

చూపు పోయినా పెద్దమ్మకి పొగరు తగ్గలేదు. రోజూ సాయంత్రం ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతికర్ర తీసుకుని ఒక్కతే ఊరి మీదికి బయల్దేరుతుంది. ఎవరైనా జాలిపడి చెయ్యి పట్టుకుంటే, "ఏం, నీకు దారి తెలీదా? నన్ను పట్టుకుని నడుస్తున్నావ్?" అని విదిలించేస్తుంది. నా షాపు ముందుకొచ్చి నిలబడి, "సోడా ఫ్యాక్టరీ ఇదేగా?" అంటుంది.

"ముందడుగు ప్రింటర్స్, పెద్దమ్మా."

"అదెక్కడుందో నాకు తెలీదమ్మా. ఇది సోడా ఫ్యాక్టరీ అవునా కాదా?"

"లోపలికి రా పెద్దమ్మా" అనేదాన్ని పళ్ళు నూరుకుంటూ. ఇదంతా బాబాయి నూరిపోసిందేనని నాకు మండుకొచ్చేది.

ఈమధ్య మా ఊరికి మళ్ళీ కాలు నిలవలేదు. రోడ్డు వెడల్పు చేస్తామంటూ బజారంతా తవ్విపోశారు. నా షాపు పక్కనున్న కొట్లు రెండూ నేలమట్టం చేశారు. ఈ సంగతి విని పెద్దమ్మ చెల్లెలి కొడుకు పట్నం నుంచి ఊడిపడ్డాడు. మంచివాడే, మర్యాదస్తుడే. అదే మా ప్రాణం మీదికి తెచ్చింది, తిట్టడానికి వీల్లేకపోయింది. బాబాయి నన్ను లాక్కుని వెళ్ళేసరికి అతను పెద్దమ్మ పెట్టె సర్దుతున్నాడు.

"గోతులు, మిషన్లు, లారీలు. ఈ ఊళ్ళో నువ్వొక్కదానివే తిరుగుతున్నావంటే అమ్మకి నిద్ర పట్టడంలేదు పెద్దమ్మా. మా ఇంట్లో నీకో గది సిద్ధం చేశాం. నాలుగో అంతస్తు, లిఫ్టు కూడా ఉంది."

"సాయంత్రం పూట ఎక్కడ నడవను?"

"బాల్కనీ ఉంది."

"ఆ చివర్నుంచి ఈ చివరికి ఎంత ఉంటుంది నాయనా?"

అతను తలొంచుకుని మరో చీర మడతపెట్టాడు. పెద్దమ్మ మొహం పాలిపోయింది. ఊళ్ళో అందర్నీ దబాయించే మనిషి, పెట్టె మీద చెయ్యి వేసి అలా కూర్చుండిపోయింది. బాబాయి గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి నాలుగుసార్లు తిరిగి, "ఆవిడెక్కడికీ రాదు!" అన్నాడు.

"మీరుండండి" అంది పెద్దమ్మ. పెట్టె మూత ఠక్కున మూసి, మళ్ళీ తన దబాయింపు గొంతు తెచ్చుకుంది. "ఒక పని చేద్దాం నాయనా. రేపు పొద్దున బస్సుకి నేను ఇక్కణ్ణుంచి బస్టాండుకి ఒక్కదాన్నే నడిచొస్తాను. ఎవరి చెయ్యీ పట్టుకోను. చేరితే నువ్వొక్కడివే బస్సెక్కు. చేరలేకపోతే పెట్టె తీసుకుని నీతో నేనూ ఎక్కుతాను. మళ్ళీ మాట్లాడను."

అతను ఆలోచించాడు. "సరే. దారిలో ఎవర్నైనా అడుగు, తప్పులేదు. కానీ ఈ కండక్టరుగారు మాత్రం ఉండకూడదు. ఆయన గొంతు కూడా వినబడకూడదు."

"నేను నోరు మూసుకుంటాను" అన్నాడు బాబాయి.

"ఆయన నిద్దట్లో కూడా స్టాపులు పిలుస్తాడు బాబూ" అంది అప్పుడే వచ్చిన పిన్ని. "ఎక్కడైనా పెట్టి తాళం వెయ్యాల్సిందే."

షట్టరున్నది నా షాపుకి. అలా తేలింది.

ఆ సాయంత్రమంతా బాబాయి ఇంటికి రాలేదు. అలిగి తిరుగుతున్నాడనుకున్నాం.

పొద్దున్నే ఆయన్ని షాపులోకి తోశాను. "ఇవిగో మంచినీళ్ళు, ఇదిగో పేపరు, ఇదిగో కుర్చీ."

"కుర్చీ ఎందుకు?"

"కూర్చోడానికి."

"ఎవరు?" అన్నాడు నిజంగా అర్థంకాక. తర్వాత షట్టరు సగం దించుతుంటే కింద నుంచి వంగి చూశాడు. "ఒసేయ్, ఆ నాలుగో అంతస్తులో ఆవిడకి ఏ స్టాపని పిలుస్తారే?"

షట్టరు కిందికి లాగేశాను. లోపల చెప్పులు మొదలయ్యాయి. టపటప, టపటప.

పెద్దమ్మ ఇస్త్రీ బట్టల్లో, కర్ర ముందుకు చాపి బయల్దేరింది. పెట్టె మోసుకుంటూ చెల్లెలి కొడుకు, పక్కన నేను, పదడుగులు వెనకాల. వీధి నా కాళ్ళ కింద రోజూ ఉండే వీధే. ఆవేళ మాత్రం గోతులు తప్ప నాకేమీ కనబడలేదు. గుమ్మం దిగి కొంచెం నడిచి ఆవిడ ఆగింది.

"ఎవరండీ అక్కడ?"

"నేనే పెద్దమ్మా, కలప అడితి" అన్నాడు సిమెంటు కొట్టాయన, నెత్తి నుంచి పాదాల దాకా సిమెంటుతో. "ముందు ఇసక పోశారు, కొంచెం పక్కకి రా."

చెల్లెలి కొడుకు నా వైపు తిరిగాడు. "కలప ఎక్కడుందండీ?"

"ఇసక చూసుకుని నడవండి" అన్నాను.

ఎరువుల గోడౌను దగ్గర హమాలీ బస్తా దించకుండానే, "సినిమా హాలు, పెద్దమ్మా! గేటు దాటావు" అన్నాడు. సెల్‌ఫోన్లతను చేతిలో స్క్రూడ్రైవరుతో బయటికొచ్చాడు. "గొడుగుల కొట్టు పెద్దమ్మా. ఇక్కణ్ణుంచి తవ్వేశారు, ఎడంపక్కగా రా." పిల్లి కూడా పక్కకి జరిగింది.

తవ్వినచోట ఒక పెద్ద మిషను అడ్డంగా ఉంది. దాని డ్రైవరు మా ఊరివాడు కాదు. టీ కొట్టు కూడా దుమ్ముకి భయపడి మూసేసి ఉంది.

"ఎవరు నాయనా అక్కడ?"

"నేను ఈ ఊరివాణ్ణి కాదమ్మా. నిన్ననే మిషను తెచ్చాను." అతను ఇంజను ఆపి కిందికి దిగాడు. "కానీ ఇది గడియార స్తంభమటమ్మా! నిన్న సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి, 'నువ్వు తవ్వేది ఎక్కడ? నువ్వు తవ్వేది ఎక్కడ?' అని నా ప్రాణం తోడేశాడు. తప్పు చెబితే మిషను కదలనివ్వలేదు. గొయ్యి నీ కుడిపక్కనుంది. ఎడం చెయ్యి గోడకి ఆనించుకుని పో. తర్వాత ఐసు ఫ్యాక్టరీ వస్తుందట."

"రైట్" అంది పెద్దమ్మ. చేత్తో గోడ తడుముకుంటూ గొయ్యి దాటేసింది.

అప్పుడు వెలిగింది నా బుర్రకి. గడియార స్తంభం, గొడుగుల కొట్టు, సినిమా హాలు, ఇవన్నీ పెద్దమ్మకి చూపు పోయిన ఏడాది మా ఊళ్ళో నిలబడి ఉన్నవి. గుర్రాల సాల అంతకుముందే పోయింది, ఆవిడ దాన్ని చూడలేదు. నా ముందడుగు తర్వాత వచ్చింది, దాన్నీ చూడలేదు. ఆవిడ నడిచే ఊరు అదొక్కటే. ఆ ఊళ్ళో ఆవిడ ఎక్కడ ఆగి అడిగినా, ఎవడో ఒకడు దాని పేరు చెప్పగలగాలి. అందుకని ఈ పిచ్చి మారాజు వచ్చినవాణ్ణల్లా నిలబెట్టి, తిట్టి, విసిగించి, లేని ఊరిని ఉన్న ఊరి చేత బట్టీ పట్టించాడు. ఎందుకని ఒక్కడికీ చెప్పలేదు. చెబితే అందరూ జాలిపడతారు, జాలిపడితే పెద్దమ్మ కర్రెత్తుతుంది. కళ్ళు రెండూ బాగానే ఉన్న నాకు ఇది ఇన్నేళ్ళూ కనబడలేదు. బాబాయి మీద చెప్పలేనంత ప్రేమ పొంగింది, చెప్పలేనంత కోపమూ వచ్చింది.

"వీళ్ళంతా మీకు చుట్టాలా?" అన్నాడు చెల్లెలి కొడుకు నెమ్మదిగా.

"ముందు నడవండి" అన్నాను. ముక్కు చీదుకోవాల్సి వచ్చింది.

ఐసు ఫ్యాక్టరీ కూడా దాటింది. ఇక మలుపొక్కటే. అక్కడ ఎడమకి తిరిగితే బస్టాండు. తిరక్కుండా తిన్నగా పోతే లారీల పెద్దరోడ్డు. పెద్దమ్మ మలుపులో ఆగింది.

"ఎవరండీ అక్కడ?"

ఎవరూ లేరు. పక్క కొట్లు కూలగొట్టేశారు. మలుపులో మిగిలింది నా షాపు, దానికి నేనే షట్టరు వేశాను. అంతవరకూ లోపల టపటపలాడుతున్న చెప్పులు ఠక్కున ఆగాయి. ఊరంతటికీ చెప్పగలిగిన ఆ ఒక్క మనిషీ షట్టరుకి అవతల ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. పెద్దరోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఎవరూ లేరా? నేనెక్కడున్నాను?"

చెల్లెలి కొడుకు పెట్టె కింద పెట్టాడు. "అయిపోయినట్టే కదండీ" అన్నాడు. అతనికీ అది ఇష్టంగా లేదని తెలుస్తూనే ఉంది.

"పెద్దమ్మా, నేనున్నాను! ముందడుగు ప్రింటర్స్ దగ్గరున్నావు."

"అదెక్కడ?"

"నా షాపు, పెద్దమ్మా!"

"నీ షాపు ఎక్కడుంది?"

అచ్చం బాబాయి అడిగినట్టే అడిగింది. నెత్తి మీద నా లైట్ల బోర్డు పట్టపగలు కూడా తిరుగుతోంది. పెద్దమ్మ కర్ర తిన్నగా, పెద్దరోడ్డు వైపుకి చాచి ఉంది.

"సోడా ఫ్యాక్టరీలో!" అని అరిచాను. "సోడా ఫ్యాక్టరీ పెద్దమ్మా! నువ్వు సోడా ఫ్యాక్టరీ దగ్గరున్నావు! ఎడమకి తిరుగు!"

పెద్దమ్మ ఎడమకి తిరిగింది. ఆ వెంటనే షట్టరు లోపల నుంచి దబదబా చరుపులు, ఊరు దద్దరిల్లేలా కేక. "రైట్ రైట్!"

"ఆయన గొంతు వినబడకూడదన్నాను" అన్నాడు చెల్లెలి కొడుకు.

"ఆవిడ తిరిగాకేగా వినబడిందీ!" అని అతని మీదికి వెళ్ళాను. అతను నవ్వుతూ పెట్టె ఎత్తి నా చేతిలో పెట్టాడు. "ఇది మీరు వెనక్కి తీసుకెళ్ళండి. నాకు బస్సుకి టైమయింది."

షట్టరెత్తాను. బాబాయి చెమటతో ముద్దయి బయటికొచ్చాడు. కుర్చీ మీద దుమ్ము కూడా చెదరలేదు. పిన్ని కూడా వచ్చింది, అందరం బస్టాండులో బస్సు దగ్గర చేరాం. చెల్లెలి కొడుకు కిటికీ పక్క కూర్చుని తల బయటపెట్టాడు. "పెద్దమ్మా, ఇకమీదట నెలకోసారి నేనే వస్తాను."

"వస్తే ఇల్లు ఎక్కడని అడుగుతావ్?" అన్నాడు బాబాయి.

"సిమెంటు కొట్టు..."

"తప్పు!" అన్నాం నేనూ పెద్దమ్మా పిన్నీ ఒకేసారి.

"కలప అడితి పక్కన!"

"రైట్ రైట్!" అన్నాడు బాబాయి బస్సు మీద చరిచి. పాత అలవాటు కాబోలు, డ్రైవరు వెనక్కి చూడకుండా బస్సు పోనిచ్చాడు. అసలు కండక్టరు టీ గ్లాసు పారేసి బస్సు వెనకాల పరిగెత్తాడు.

పెద్దమ్మ బెంచీ మీద కూర్చుంది. "కళ్ళాసుపత్రికి తిరిగినన్నాళ్ళూ ఈయన బస్సులోనే తిరిగానే" అంది నాతో. "ఇక లాభంలేదన్న రోజున ఇక్కడే దిగి ఏడుస్తూ నిలబడ్డాను. ఈయన దిగొచ్చి, 'నా బస్సులో గుర్రుపెట్టి నిద్రపోయేవాళ్ళు కూడా వాళ్ళ స్టాపులోనే దిగుతారండీ. చూసి దిగుతున్నారా? నేను కేకేస్తే దిగుతున్నారు. పదండి, కేకేస్తాను' అన్నాడు. ఇంటిదాకా కేకేసుకుంటూ వచ్చాడు."

"మరి బస్సు?"

"ఇక్కడే ఉంది. జనం తిట్టుకునే ఉంటారులే."

"అబ్బే, అదంతా కాదు. ఊరన్నాక చరిత్ర ఉండాలని..." బాబాయి నసిగాడు.

"చరిత్రంటే నీకు ఒళ్ళుమంట కదా బాబాయ్?" అన్నాను.

"ఐసు ఫ్యాక్టరీలో పాల కొట్టు ఎవడో కొత్తగా పెట్టాడు, వాణ్ణి అడగాలి" అంటూ బాబాయి పారిపోయాడు. టపటప, టపటప.

పెద్దమ్మ చేతిమీద చెయ్యి వేశాను. ఆవేళ విదిలించలేదు. "మలుపులో భయం వేసిందా పెద్దమ్మా? ఆగిపోయావు."

"భయమెందుకే? షట్టరు వెనకాల మీ బాబాయి చెప్పులు ఊరంతా వినబడుతుంటే ఎక్కడున్నానో నాకు తెలీదా?"

"మరి ఎందుకడిగావ్? తిరక్కపోతే బస్సెక్కాల్సివచ్చేది కదా!"

"ఇన్నేళ్ళుగా అడుగుతున్నాను, ఒక్కసారైనా అన్నావా? ఇవాళైనా నీ నోట అనిపించకపోతే ఎలాగని ఆగాను" అని, కొంటెగా నవ్వి, కర్ర తీసుకుని లేచింది.

నా బోర్డు మార్చలేదు లెండి. ముందడుగు ముందడుగే, లైట్లు తిరుగుతూనే ఉన్నాయి. కానీ మొన్న ఎండలో ఒకాయన వచ్చి, "సోడా ఫ్యాక్టరీ ఇదేనా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. చల్లగా ఒకటి కొట్టమన్నాడు. జిరాక్స్ మిషను పక్కన కొత్తగా పెట్టిన ఐసు పెట్టెలోంచి ఒక సోడా తీసి కొట్టి ఇచ్చాను. ఏం చెయ్యను మరి, ఫ్యాక్టరీ అన్నాక సోడా లేదంటే ఊళ్ళో పరువు పోదూ?